కపిలి గుంజకు తగిలించిన వాచీ

నాలుగో తరగతిలో బడి నన్ను వదిలేసింది. అంతకు ముందే నేను దాన్ని వదిలేశాను కాబట్టి ఇద్దరికీ బాధ లేకపోయింది. ఎక్కాలు రాలేదు గానీ మాటలు వచ్చాయి. కంబదూరు చుట్టుపక్కల ఏ పెళ్లిలోనైనా నేను లేకపోతే తిన్న తిండి అరగదని చెప్పుకునేవారు. చెప్పుకునేవారిలో నేనూ ఉండేవాణ్ణి.

ఒక ఏడు వాన దారి తప్పి మా వైపు వచ్చింది. వేరుశనగ చేలో చెనిక్కాయలు విరగకాశాయి. అమ్ముకోవడానికి బళ్లారి పోయి, వచ్చేటప్పుడు ఒక వాచీ కొనుక్కొచ్చాను. స్విస్ సరుకని కొట్టువాడు ఆగి ఆగి చెప్పాడు. బంగారు రంగు, తోలు పట్టీ, లోపల చీమలు కవాతు చేస్తున్నట్టు సన్నటి చప్పుడు. నా భార్య ఎప్పటి నుంచో కమ్మలు అడుగుతోంది. ఆమె ఆ వాచీని బోసి చెవికి ఆనించుకుని విని, "నా కమ్మలు నీ చేతి మీద టిక్కుటిక్కుమంటాండాయి" అంది. మడిలో ఉల్లినారు వేసి ఉంది, ఆ ఎర్రగడ్డలు చేతికి రాగానే కమ్మలు చేయిస్తానని ఒట్టు వేశాను.

మా ఊరికి అదే మొదటి వాచీ. పని లేని వాళ్లు కూడా వచ్చి టైం అడిగేవారు. నేను ఏది చెప్తే దానికి తలూపేవారు. కాదనడానికి ఇంకెవరి దగ్గరా వాచీ లేదు మరి. అది నాకు మహా గొప్పగా ఉండేది.

అన్నకూ నాకూ కలిపి ఒకటే కపిలి బావి. ఎద్దులు ఏటవాలు దారిలో దిగుతుంటే తోలుబాన నీళ్లతో పైకి వచ్చేది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అన్న వంతు, అక్కడి నుంచి పొద్దు గూకే దాకా నాది. మధ్యాహ్నం ఎప్పుడైందో చెప్పడానికి మా నాయన గట్టు మీద ఒక రాయి నాటి పోయాడు. దాని నీడ మొదట్లోకి ముడుచుకోగానే ఎద్దులు మారాలి. మబ్బు పట్టిన రోజున మాత్రం ఇద్దరికీ నోళ్లు లేచేవి.

చేతిలో వాచీ పెట్టుకుని రాయి మొహం చూడడమేమిటని నేనే అన్నాను. రాయిని పెరికించి ఇంటి దగ్గర బట్టలుతికే బండగా వేయించాను. కపిలి గుంజకు మేకు కొట్టి, పొద్దున్నే వాచీని దానికి తగిలించేవాళ్లం. సాయంత్రం పనయ్యాక నేను చేతికి కట్టుకుని ఊళ్లో తిరిగేవాణ్ణి.

అన్న మొదటి రోజే అన్నాడు: "రెండు చేతులు కీ ఇస్తే స్ప్రింగు తెగిపోతాదంటప్పా. పెద్దోణ్ణి, పొద్దున్నే నేనే ఇస్తాలే."

నాయన పోయాక నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. చంటిబిడ్డను అప్పజెప్పినట్టు అప్పజెప్పాను.

ఎండలు ముదిరాయి. నా వంతు వచ్చేసరికి బాన అడుగుకు బురద తగిలేది. గట్టుకు అవతల అన్న మిరపచెట్లు పచ్చగా నవ్వుతుంటే, ఇవతల నా ఎర్రగడ్డల ఆకు పసుపుబారి పడుకుంది. ఊట తగ్గిందని అన్న అన్నాడు. నేను నా ఎద్దులను సోమరులన్నాను. వాటికి మాటలు రావు కాబట్టి ఊరుకున్నాయి. అమ్మ ఇద్దరికీ సంగటి గంప నెత్తిన పెట్టుకుని వస్తే, "ఏమమ్మా, వాచీ కంటే నీకే తొందర, ఇంకా పదకొండే" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఆమె గంప దింపి కూర్చునేది.

రాయదుర్గం నుంచి వచ్చే బస్సు ఇంజనులో నీళ్లు పోసుకోవడానికి మా బావి దగ్గర ఆగేది. పుట్టి బుద్ధెరిగి అది టైముకు వచ్చిన పాపాన పోలేదు. అలాంటిది కొన్నాళ్లుగా ముందే వస్తోంది. వాచీ చూసి ముచ్చట పడి ఒకనాడు డ్రైవరును పట్టుకున్నాను.

"ఏమన్నా, టయానికి ముందే వస్తాండావు. ఇంట్లో తరుముతాండారా?"

అతను బిందె దించాడు. "దినామూ అర్ధగంట లేటు వచ్చేవోణ్ణి పట్టుకోని ఏమప్పా నీ ఎగతాళి?"

పక్కనున్న కండక్టరు చెయ్యి చాపి తన వాచీ చూపించాడు. దాని ముల్లు నా వాచీ ముల్లు కంటే గంట ముందుంది. ఊళ్లో అందరినీ నవ్వించేవాణ్ణి, ఆ బస్సు ఇన్నాళ్లూ నన్ను చూసి నవ్వుతూ పోయిందన్నమాట.

మధ్యాహ్నం దాకా గట్టు మీదే కూర్చున్నాను. అమ్మ గంపతో వచ్చి నిలబడింది. ఆమె నీడ ఆమె పాదాల కిందే ఉంది.

"అన్నా, టయమెంత?"

అన్న వాచీ వైపు చూశాడు. "ఇంకా గంటుండాది లేప్పా."

"నేల సూసి చెప్పు."

నేల చూడలేదు. ఎద్దులను నిలిపి, తాడు చేతిలో తిప్పుకున్నాడు. తర్వాత మెల్లగా, "నాకు నలుగురు పిల్లోళ్లు. నీకేమి, వాచీ ఉండాది" అన్నాడు.

తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. నేను అమ్మ వైపు తిరిగాను. "నీకు తెల్సునా?"

ఆమె ఇద్దరికీ సమానంగా సంగటి ముద్దలు తీస్తోంది. "తెలీకుండా దినామూ ఈ పొద్దుకే ఎట్లొస్తానురా?"

"మల్ల చెప్పలేదే?"

"ఎవురి మింద ఎవురికి చెప్పేది?"

ఆ పూట నేను సంగటి ముట్టలేదు. మేకు నుంచి వాచీ తీసుకుని ఇంటికి పోయాను.

ఎర్రగడ్డలు పెరికితే గోలీకాయలంత ఉన్నాయి. వాటిని చూసి నా భార్య కొంగున చెమట తుడుచుకుని బట్టలుతికే బండకు ఒక పక్క చెయ్యి వేసింది. రెండో పక్క నేను పట్టుకున్నాను. సబ్బుతో నునుపెక్కిన రాయి, చేతుల్లో జారిపోతూ వచ్చింది. గట్టు మీద పాత గుంత పూడిపోయి ఉంది. అన్న తన మడిలోంచి చూస్తూనే ఉన్నాడు గానీ అటు రాలేదు.

గుంత తవ్వి రాయిని నిలబెట్టి మన్ను తొక్కుతుంటే ఆమె నా మణికట్టు మీది వాచీ వైపు చూసింది.

"టయమెంతైంది?"

మాటకు మాట అప్పజెప్పడంలో నన్ను మించినవాడు లేడని పేరు. తల వంచుకుని మన్ను తొక్కుతూనే ఉన్నాను.