ఆఖరి చెలమ

మా పెద్దమ్మ నూకాలు ఎవరినీ క్షమించిన మనిషి కాదు. నాకూ ఆ రక్తమే వచ్చింది, దాచుకోను.

రుషికొండ పక్క మా పేటలో ఆడవాళ్లం ఇసుకలో చెలమలు తవ్వి నీళ్లు తోడుకునేవాళ్లం. మోకాలి లోతు చాలు. ఇంకిన వాన నీరు పైన తేలి ఉంటుంది, దాని కింద సముద్రపు ఉప్పు నీరు. గబగబా తోడితే ఉప్పు పైకొస్తుంది. అందుకే బిందె నిండగానే ఆగి, ఊట ఊరనివ్వాలి. ఆగని పిల్లల్ని పెద్దమ్మ ఏడు తరాలు కలిపి తిట్టేది.

గురునాథరావు మా పక్కనే లాడ్జి కట్టాడు. నూరడుగుల బోరు వేయించి రోజంతా మోటారు ఆడించాడు. రెండేళ్లలో పేట బావీ, ఒక్కటి తప్ప చెలమలన్నీ ఉప్పుబారాయి. పెద్దమ్మ వెళ్లి అడిగితే, "భూమిలో నీళ్లు నీ అబ్బ సొత్తా?" అని గేటు వేయించాడు. ఆ రోజు నుంచి వాడి నాశనం కోరకుండా ఆవిడ ముద్ద మింగలేదు.

కిందటి వేసవిలో వాడి బోరూ ఉప్పుబారింది. అప్పుడు వాడే వచ్చాడు, చెప్పులు బయట విప్పి మరీ! ఇంట్లో పెద్దమ్మా నేనూ మాత్రమే ఉన్నాం.

"నీకు నీటి జాడ తెలుసట కదా నూకాలమ్మా. ఎక్కడ తవ్వించమంటావ్?"

"సోటు మార్సకండి బాబూ, లోతుకెల్లండి. అడుగున కొబ్బరి నీల్లలాటి నీరుంది," అంది పెద్దమ్మ, ఎంతో ప్రేమగా.

వెధవ నమ్మాడు. పేటలో ఎవరో ఆడమనిషి చెప్పిందని కూలీలతో అంటూ మూడు వందల అడుగులకు దించాడు. ఉప్పే. ఇంకాస్త తోడితే తీపి తగులుతుందని నెల రోజులు తోడించాడు. మోటారు కాలింది, లాడ్జికి తాళం పడింది. పెద్దమ్మ పేటంతా చేపల పులుసు పంచింది. నేను రెండు గిన్నెలు తిన్నాను. అంత రుచి మళ్లీ ఎరగను.

మర్నాడు ఆవిడ కోడలు సూర్యకళ చెలమ నుంచి బిందె తెచ్చింది. పేటకి మిగిలింది ఆ ఒక్క చెలమే. తన పసిదానికి తాగిస్తే ఉమ్మేసింది. వాడి బోరుకీ ఆ చెలమకీ మధ్య యాభై గజాలు కూడా లేవు. కసిలో మా ఇద్దరికీ ఆ సంగతే తట్టలేదు.

"ఆడికి లోతుకెల్లమని ఏ పాపిష్టిది సెప్పిందో అత్తా! దాని నోట్లో మన్ను పడ!" అని సూర్యకళ ఏడ్చింది.

పెద్దమ్మ దోసెడు నీళ్లు నోట్లో పోసుకుంది. ఉమ్మలేదు, మింగేసింది.

"పడాలే," అంది. "దాని నోట్లో మన్నే పడాల."