అడగని వైరు

వైర్ల తొడుగు ఒలిచి ఒలిచి వెంకటరామి ముందుపన్ను ఒకదానికి గంటు పడింది. బండ్రి రోడ్డు పక్కన ఖనిజం లారీలకు వైరింగు చేస్తాడు. గనుల దగ్గర గంటల తరబడి వరుసలో కాచుకునే డ్రైవర్లకు పాటలు కావాలి. ఇంజను ఆపి పాటలు పెడితే బ్యాటరీ దిగిపోయి బండి మళ్లీ స్టార్టు కాదు. అందుకని పాటలకు వేరే బ్యాటరీ. వెంకటరామి దాన్ని సీటు కింద పెట్టి, బిగించిన ప్రతి నట్టునూ రెండుసార్లు లాగి చూస్తాడు. పాట పెట్టి చూసే పని మాత్రం డ్రైవరుకే వదిలి కిందికి దిగిపోతాడు.

ఆ రోజు డ్రైవరు గాదిలింగ క్యాబిన్‌లోంచి తల బయటపెట్టాడు. "ఏందన్నా ఇది? రివర్స్ గేరేస్తే పాట నిలిచిపోతాండాది. వైరు లూజుండాదేమో సూడు."

"లూజు కాదప్పా. నేనే అట్ల కట్టినా."

"నేనడగలేదు గదన్నా!"

వెంకటరామి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "పోయినేడు యార్డులో లారీ ఎనక్కొస్తాంటే మా తమ్ముడు నిలుపు, నిలుపు అని అరిసినాడంట. పాట మోతలో డ్రైవరుకు ఇనపడలేదు. ఆ లారీకి రెండో బ్యాటరీ కట్టింది నేనే."

గాదిలింగ తల లోపలికి తీసుకున్నాడు. రివర్స్ గేరు వేశాడు. పాట ఆగింది. వెంకటరామి లారీ వెనకాల నిలబడి "రానీ... రానీ..." అన్నాడు. అది మూరెడు దూరానికి వచ్చాక, మామూలు గొంతుతోనే "నిలుపు" అన్నాడు.

లారీ నిలిచింది.