ఎడమవైపు గొట్టాలు

మొన్న మా అబ్బాయి విన్యాసాలు చేసే తన బీఎంఎక్స్ సైకిల్ ఇరుసులకు ఇనుప గొట్టాలు బిగిస్తుంటే గ్రీజు వాసన గుప్పుమంది. ముందుదీ వెనకదీ రెండూ ఎడమవైపే పెడుతున్నాడు.

చిన్నప్పుడు టేకులపల్లిలో మామయ్య నాకు తెచ్చిన పాత సైకిల్‌తో అలాంటివే రెండొచ్చాయి. అవెందుకో ఎవరికీ తెలియదు. వెనక క్యారేజీ కట్టిన షాపాయన, "వీటిని ఏ దిక్కు బిగియ్యాలె?" అన్నాడు. చెరోవైపు ఒకటనుకున్నాను నేను.

"ఎడమ దిక్కే పెట్టు. కుడి దిక్కయితే చైన్ల చెల్లె లంగా పడ్తది. ఎన్కదాని మీద కాళ్లు పెట్టుకుంటది," అంది అమ్మ.

"మరి ముందుది?" అన్నాను.

అమ్మ దాన్నీ షాపాయన చేతికిచ్చింది. "అదీ అటే ఉండనీ. జత ఇడగొట్టద్దు."

జత అంటే చెరోవైపు ఉండాలి కదా? బళ్లో పిల్లలు ఒంటిరెక్క సైకిలని నవ్వేవాళ్లు. చెల్లెను ఎక్కించుకుని తొక్కినన్నాళ్లూ నాకది అర్థం కాలేదు.

"రెండూ ఒకవైపేనా?" అని మావాణ్ణి అడిగాను.

"సైకిల్‌తో గట్టు అంచు మీద జారేటప్పుడు ఈ రెండు గొట్టాలే అంచుకు ఆనాలి, నేను ఎడమ పక్కే జారతాను నాన్నా."

వెంటనే ఫోన్ చేసి చెల్లెకు చెప్పాను.

"ముందుది దేనికైతేంది అన్నా," అంది, "ఎన్కది నా కాళ్లకే గద."