యోస్టైన్ మాస్టారి బొటనవేలు

యోస్టైన్ మాస్టారి స్వెటర్ మోచేతుల దగ్గర చిరిగి ఎన్నేళ్లయిందో, బ్యాండు నడిపే కర్ర మాత్రం కళ్లజోడు పెట్టెలో భద్రంగా ఉంటుంది. ముప్ఫై ఒక్కేళ్లుగా మా రేవు బ్యాండుకి ఆయనే మాస్టారు. వాయించే ముందు కళ్లు మూసుకుని ఒక్కొక్కరి చేతా ఒకే స్వరం ఊదిస్తాడు. శ్రుతి ఎక్కువైతే బొటనవేలు కిందికి, తక్కువైతే పైకి. ఊళ్లో సగం మంది ఆ వేలు చూస్తూనే పెరిగారు. ఆయనకి చెవులు పోయాయని చలికాలం నుంచీ గుసగుసలు. అదే నిజమైతే మే పదిహేడు, జాతీయ పండుగ ఊరేగింపుకి వేరే మనిషిని పెడదామని బ్యాండు కమిటీ అనుకుంది. ఆ కమిటీకి పెద్ద గున్వోర్, ఎనిమిదో ఏట నుంచీ ఆయన శిష్యురాలు.

శనివారం సాధనలో ఆమె వంతు వచ్చింది. చిన్న ఫ్లూట్ పెదాలకి ఆనించిందంతే, ఇంకా ఊదలేదు. బొటనవేలు కిందికి దిగింది.

"శ్రుతి ఎక్కువైంది తల్లీ, ఫ్లూట్ పైముక్క కాస్త బయటికి లాగు."

"ఊదకముందే తప్పు పట్టేశాడ్రా," అని వెనక ట్రాంబోన్ ఓడ్వర్ గొణిగాడు. ఎవరూ నవ్వలేదు.

గున్వోర్ పైముక్కని కాస్త లాగింది. మళ్లీ పెదాలకి ఆనించి, ఊదకుండా అలాగే ఉండిపోయింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది," అన్నాడు మాస్టారు తృప్తిగా. "తర్వాత ఎవరు?"

పక్కనున్న క్లారినెట్ ఆయన ఊదాలో వద్దో తెలీక గున్వోర్ వంక చూశాడు.