అమ్మ అటు తిరిగి కూర్చున్న పడవ

మా చిన్నప్పుడు... నాకు ఐదో ఏడు. మా అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "నీకు చెప్పకుండా వెళ్ళనురా, ఒట్టు" అంది. తమ్ముడు కడుపులో ఉన్నాడు. పురిటికి గుడివాడ నుంచి బంటుమిల్లి, పుట్టింటికి వెళ్ళాలి.

మర్నాడు పొద్దున్నే మా మేనత్త వచ్చి, "ఒరేయ్, గేదె ఈనిందిరా! దూడని చూద్దువుగాని రా" అంది. దొడ్లోకి పరిగెత్తాను. గేదె తాపీగా నెమరు వేస్తోంది... దూడా లేదు, ఏమీ లేదు. ఇంట్లోకి వస్తే అమ్మ లేదు. ట్రంకుపెట్టె లేదు.

అప్పట్లో కాలవ మీద పడవలు... గట్టున మనుషులు తాడు కట్టి లాగేవారు. మనిషి నడకంత వేగం. అందుకే అందుకోగలిగాను. "అమ్మా! అమ్మా!" అని గట్టు వెంట పరిగెత్తాను. పడవలో వాళ్ళందరూ నన్ను చూశారు. అమ్మ ఒక్కతే కొంగు నెత్తి మీదికి లాక్కుని అటు తిరిగి కూర్చుంది.

ఐదు నెలల తర్వాత వచ్చింది. ఒళ్ళో వాడున్నాడు... నా చోట్లో.

పెద్దయ్యాక, మా ఆవిడ తొలి పురిటికి పుట్టింటికి వెళ్తే నేనూ వెంట వెళ్ళి మామగారింట్లో మూడు నెలలు కూర్చున్నాను. "అల్లుడుగారికి కూడా బాలింత పథ్యం పెట్టాలేమోనే!" అని వాళ్ళ పిన్ని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. బిడ్డ ఆవిడ ఒళ్ళో కనబడితే చాలు, లేచి బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. ఒకరోజు తనే అంది... "వీడు మీ కొడుకండీ. మీ తమ్ముడు కాదు."

మనస్తత్వ శాస్త్రం పుస్తకాలు అలమార నిండా చదివాను. ఐదేళ్ళప్పుడు ఎవరో చేసినదానికి యాభై ఏళ్ళపాటు ఇంకెవరినో సాధిస్తామని అవన్నీ తిప్పి తిప్పి చెబుతాయి. మా ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

తమ్ముడి భార్య నెలరోజులు చెల్లెలింటికి వెళ్ళినా వాడు ఫోన్ చెయ్యడు. "వస్తుందిలే అన్నయ్యా" అంటాడు, హాయిగా. ఆ 'వస్తుందిలే' వింటే నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది. నా వంతు అమ్మ కూడా వాడికే దక్కింది.

చివరి రోజుల్లో అమ్మని అడిగేశాను. "తిరిగి చూస్తే పడవ దిగిపోదునురా" అంది.

ఇప్పుడు బస్సెక్కిన వాళ్ళు దిగేదాకా ఫోన్లో మాట్లాడుతూనే ఉంటున్నారు... మీ అమ్మలు మీకు చెప్పే వెళ్ళేవారా? రాయండి. చదివి కుళ్ళుకుంటాను.

నా కోపం తమ్ముడి మీదనుకుంటారు అందరూ. వాడు అప్పటికి పుట్టనే లేదు. అత్తయ్య ఎవరో చెప్పమన్న అబద్ధం చెప్పింది. నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఒక్క మనిషినే... దిగిపోవలసిన పడవ దిగని మా అమ్మని. రాజ్యలక్ష్మిని.