రెండు దెబ్బలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రూట్లో నరసప్ప టాపు మీదికి ఎక్కించని సరుకంటూ లేదు. చదివింది ఊరిబడిలో ఐదో తరగతే అయినా ప్రైవేటు బస్సు క్లీనరుగా ఇరవై రెండేళ్ళు చేశాడు. ధర్మవరం నేతగాళ్ళకు పట్టునూలు చేరవేశాడు. వాళ్ళు నేసిన చీరల మూటలు వానకు తడవకుండా తెచ్చాడు. ఒకసారి పూర్తి మగ్గాన్నే విప్పి, కట్టలు కట్టి పైకెక్కించాడు. దించాక లెక్క చూసుకుంటే ఒక్క మేకు తక్కువ కాలేదు. అన్నిటికంటే పెద్ద పేరు మాత్రం పట్టుగూళ్ళ గంపలతో వచ్చింది. గూడు నలిగితే ధర పోతుంది. నరసప్ప కట్టిన గంపలో గూడు నలిగిందని హిందూపురం మార్కెట్టులో అన్నవాడు లేడు.

కింద మనుషులు, పైన సరుకు. రెంటికీ ఒకటే బండి.

"ఏమప్పా నరసప్పా, నాకు సీటు లేదు, మేకకేమో పైన చల్లగాలా?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "మేక నీ మాదిరి నస పెట్టదు లేబ్బా" అనేవాడు.

బండి రేకు మీద ఒక దెబ్బ కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. కొట్టే హక్కు నరసప్పది. డ్రైవరు డేవిడ్ వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. దెబ్బ విని గేరు వేసేవాడు, అంతే.

2001 ఎండాకాలంలో ఒక పొద్దున పెనుకొండలో కుళ్ళాయమ్మ మొగుణ్ణి పట్టుకుని బస్సెక్కింది. పంట వచ్చినప్పుడల్లా గూళ్ళ గంపలు వేసే మనిషి, ఆ రోజు ఉత్తచేతులతో వచ్చింది.

"అన్నా, ఈయనకు రొమ్ములో నొప్పి. ఈడ చూపిస్తే హిందూపురం పెద్దాసుపత్రికి బిరబిర తీసకపొమ్మన్యారు."

"కూచోమ్మా. ఎనిమిదికంతా ఆడుంటాం" అని మాటిచ్చాడు నరసప్ప. ముందు సీట్లో ఉన్నవాళ్ళను లేపి, ఆమె మొగుడు వెంకటేశులును పడుకోబెట్టాడు.

సోమందేపల్లిలో పదకొండు గంపలు కాచుకుని ఉన్నాయి. వేలం టైముకు చేరాల్సినవి. నరసప్ప టాపెక్కి ఆరు కట్టాడు. ఏడోదానికి తాడు బిగిస్తుండగా కింది నుంచి దబ్, దబ్ మని రెండు దెబ్బలు. బస్సు కదిలింది. గంప ఒరిగింది.

"ఎవురది కొట్టింది, నేనుండంగ?" అని నరసప్ప టాపు మీద ఒక్కటి చరిచాడు. బస్సు ఆగింది.

వంగి చూస్తే కిటికీ బయట గాజుల చెయ్యి కనబడింది. ఎవరిదో తెలిసింది. అయినా దిగలేదు. మిగతా గంపలు కూడా తన పద్ధతిలో, ఒక్క ముడీ తప్పకుండా కట్టాడు. పది నిమిషాలు పట్టింది. అప్పుడు తన చేత్తో రెండు కొట్టాడు.

హిందూపురంలో డేవిడ్ బండిని నేరుగా ఆసుపత్రి గేటుకే పోనిచ్చాడు. వెంకటేశులును నరసప్పే చేతుల మీద లోపలికి మోశాడు. డాక్టరు నాడి చూసి, "ఇప్పుడే పోయినాడు. ఇంకొంచెం ముందొచ్చింటే..." అని ఆగిపోయాడు.

"అమ్మా, నేను..." అన్నాడు నరసప్ప.

"నిన్నేమనాలన్నా" అంది కుళ్ళాయమ్మ. "నా గంపల కోసం ఎన్నిసార్లు ఆపలేదు నువ్వు? అప్పుడు లోపల ఎవురు ఏ నొప్పితో కూచోనుండారో నేనడిగితినా?"

తిట్టినా బాగుండేది.

ఆ పూట గూళ్ళకు మంచి ధర పలికింది. ఒక్కటీ నలగలేదు.

కర్మలయ్యాక కుళ్ళాయమ్మ మూడు గంపలతో పెనుకొండ స్టాపుకొచ్చింది. నరసప్ప అందరికంటే ముందు ఆమెవే ఎక్కించి, కట్టి, దిగాడు. రేకు మీద కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. అది అట్లే నిలిచిపోయింది.

డేవిడ్ కాచుకున్నాడు. లోపలి నుంచి ఎవరో, "ఏమబ్బా, పోదామా, ఈడే కాపురం పెడదామా?" అని అరిచారు.

కుళ్ళాయమ్మ గాజుల్లేని చెయ్యి కిటికీలోంచి బయట పెట్టి, రెండు కొట్టింది.