పన్నెండు రోజుల తేడా

ముందు పోయినవి చెబుతాను. ఆరు సంచులు ఎక్కించాల్సినంత రక్తం నా బిడ్డ ఒంట్లోంచి పోయింది. గర్భసంచి పోయింది. ఇరవై నాలుగేళ్ళకే ఇంకో కాన్పు అన్న మాట పోయింది. పుట్టిన పాపకు మొదటి పదిహేడు రోజులు తల్లి ఒడి పోయింది. ఆ రోజులు అద్దాల పెట్టెలో గడిచాయి. నా లెక్క మీద నా భార్యకున్న నమ్మకం మాత్రం పోలేదు. అదొక్కటి పోయినా బాగుండేది.

నేను నాలుగో తరగతితో బడి మానేశాను. నారాయణఖేడ్ మార్కెట్ యార్డులో కందుల బస్తాలు కాంటా ఎక్కుతుంటే క్వింటాళ్ళు, తరుగు నోటితోనే చెప్పడం అక్కడే నేర్చుకున్నాను. రోజుల లెక్కలు కూడా నా దగ్గరికే వస్తాయి. బర్రె చూడి కట్టి ఎన్నాళ్ళయింది, ఎప్పుడు ఈనుతుంది అని కల్హేర్ నుంచి కూడా ఫోన్ చేసి అడిగేవాళ్ళున్నారు. తప్పు చెప్పానని ఎవరూ అనలేదు.

బిడ్డను తొలి కాన్పుకు ఏడో నెలలో ఇంటికి తెచ్చుకున్నాం. ముప్పై వారాలు నిండిన రోజున ఊళ్ళోనే స్కానింగ్ తీయించాం. డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి చూపించింది.

"మాయ కిందికి ఉన్నది. బిడ్డ బయటికొచ్చే తోవకు అడ్డం పడ్డది. మామూలు కాన్పు కాదు, ఆపరేషనే. ఎప్పుడన్న రక్తం పోవచ్చు. నొప్పి ఉండదు, అందుకే జనం లేట్ చేస్తరు. ఒక్క మరక కనపడ్డా ఆగొద్దు."

"ఏం చెయ్యాలె మేడం?"

"రక్తం బ్యాంకు, ఆపరేషన్, నెలలు నిండని పిల్లల్ని చూసే గది, మూడూ ఒక్కతాన ఉండాలె. రెండు వారాలల్ల సంగారెడ్డికి పోయి, దవాఖాన పక్కన గది తీస్కొని ఉండుండ్రి. నలుగురు రక్తం ఇచ్చెటోళ్ళ పేర్లు రాసి పెట్టుకోండ్రి."

ఇంటికొచ్చి కాగితం మీద నాలుగు పేర్లు రాశాను. మొదటిది నాది. రెండోది అల్లుడిది. తర్వాత ఇద్దరు హమాలీలవి. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే అనిపించింది.

నా భార్య మిగతా సగానికి ఒప్పుకోలేదు.

"ఎనిమిదో నెల పడ్డది. గడప దాటిపిస్తవా పిల్లను?"

"డాక్టరమ్మ చెప్పింది గద."

"డాక్టరమ్మ చెప్తది. పోగొట్టుకున్నది నేను."

ఆమె మా తొలి కడుపు సంగతి చెబుతోంది. ఎనిమిదో నెలలో జీపెక్కి చుట్టాల పెళ్ళికి పోయి, తిరిగొచ్చిన మూడో రోజు పోగొట్టుకుంది. ఆ జీపులో ఆమె పక్కన కూర్చున్నది నేనే.

"సరే, ఎనిమిదో నెల ఎప్పుడు పోతదో నువ్వే లెక్క చెప్పు," అంది. "నువ్వు చెప్పిన నాడే బయలెల్లుదాం."

ఇక్కడ రెండు లెక్కలున్నాయి. బిడ్డకు ఆఖరి నెలసరి అమావాస్య మరునాడు వచ్చింది. అమావాస్య నుంచి అమావాస్యకు లెక్కేస్తే ఎనిమిదో నెల పోవడానికి ఇంకా ఇరవై ఆరు రోజులు. దవాఖాన వాళ్ళలా నాలుగు వారాలకు ఒక నెల అనుకుంటే పద్నాలుగు రోజులే. డాక్టరమ్మ పెట్టిన గడువూ అదే. పద్నాలుగని చెబితే నా భార్య ఎట్లా అని అడిగేది కాదు. కానీ మా ఇంట్లో నెలంటే అమావాస్య నుంచి అమావాస్యకే. ఉన్న లెక్క ఉన్నట్టు చెప్పడమే నిజాయితీ అనుకున్నాను.

"ఇరవై ఆరు," అన్నాను.

బిడ్డ లోపలి గదిలో మంచం మీదే ఉండిపోయింది. బరువు ఎత్తొద్దు, మెట్లు ఎక్కొద్దు అని డాక్టరమ్మ చెబితే, తలుపు దాకా రావద్దు అని వాళ్ళమ్మ కలిపింది. కిటికీకి పాత చీర కట్టింది.

"జైలుల ఉన్నోళ్ళకన్న ములాఖత్ ఉంటది నాయినా," అనేది బిడ్డ. "నాకు అమ్మ అది గూడ ఇస్తలేదు."

"ఇస్త, కాన్పయినంక. అప్పుడు నీ మొకం ఎవ్వలు చూస్తరో చూస్త," అని వంటింట్లోంచి వాళ్ళమ్మ.

బిడ్డ రోజూ పొద్దున ఇంకా ఎన్ని రోజులని అడిగేది. నేను అంకె చెప్పి యార్డుకు పోయేవాణ్ణి. పద్నాలుగో రోజు అడగలేదు. ఫోన్ తిప్పి నాకు చూపించింది. అందులో వారాలు గీతలుగా ఉన్నాయి.

"ముప్పై రెండు నిండినయి నాయినా. ఈ లెక్కన ఎనిమిదో నెల అయిపోయింది గద?"

"మనది అమావాస్య లెక్క బిడ్డా. ఇంక పన్నెండే."

ఆమె చీర కట్టిన కిటికీ వైపు తిరిగి పడుకుంది.

పందొమ్మిదో రోజు పొద్దున పది దాటాక ఫోనొచ్చింది. కాంటా మీద బస్తా ఉంది. "పక్క తడిసింది," అంది నా భార్య. "ఉమ్మనీరనుకున్న. ఎర్రగున్నదయ్యా." నొప్పి ఉందా అని అడిగాను. లేదంది. నేను ఇల్లు చేరేసరికి అంబులెన్సు వచ్చి ఉంది. బిడ్డను చంకల కింద పట్టుకుని గడప దాటించింది వాళ్ళమ్మే. ఎనిమిదో నెల మాట ఎత్తలేదు. గంటన్నర పైన పట్టిన దారిలో తడిసిన గుడ్డలు లెక్కపెట్టాను. ఐదు.

సంగారెడ్డిలో బిడ్డను లోపలికి తీసుకుపోయారు. రక్తం బ్యాంకు వాళ్ళు కాగితం అడిగారు. తీసి ఇచ్చాను.

"మొదటి పేరు ఎవరిది?"

"నాదే. తీస్కోండ్రి జల్దీ."

"బీమార్లు ఏమన్న ఉన్నయా?"

"షుగర్. సూది తీస్కుంట."

రాసుకుంటున్నామె కలం ఆపింది. "ఇన్సులిన్ తీస్కునేటోళ్ళది తీస్కోం. ఇంకెవరున్నరు?"

ఇరవై ఆరు రోజులు లెక్కేసినవాణ్ణి, నన్ను నేను లెక్కలో వేసుకునే ముందు ఈ ఒక్క మాట ఎవరినీ అడగలేదు.

వాళ్ళు సంచులు ఆపలేదు. ముందు ఇచ్చి, తిరిగి ఇవ్వాల్సినవని నా పేరు మీద ఆరు రాసుకున్నారు. అల్లుడు ఇచ్చాడు. మధ్యాహ్నం హమాలీలిద్దరూ బస్సులో వచ్చి ఇచ్చారు, సాయంత్రం అల్లుడి దోస్తులు ఇద్దరు. మాయ అంటుకుపోయి రక్తం ఆగకపోవడంతో గర్భసంచి తీసేశారు. పాప పద్దెనిమిది వందల గ్రాములు. బయటికొచ్చిన డాక్టరు, "రక్తం పడుడు మొదలైనంక రోడ్డు మీదనే చానా పోయింది. దగ్గర ఉండి ఉంటే ఇంత అయ్యేది కాదు," అన్నాడు. నా భార్య నా వైపు చూసి, "మన రాత. నువ్వేం చేస్తవు, లెక్క లెక్కే గద," అంది.

రెండో లెక్క సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. బిడ్డకు తెలుసు. తనూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నేను అడగలేను.

పాపకు ఇప్పుడు మూడేళ్ళు. నా వేళ్ళు పట్టుకుని ఒకటి నుంచి పది దాకా లెక్కపెడుతుంది, ఏడు ఎప్పుడూ వదిలేస్తుంది. సంగారెడ్డికి ఏ పని మీద పోయినా రక్తం బ్యాంకు దగ్గర ఆగుతాను. పోయినసారి అక్కడి పిల్ల నవ్వింది.

"మళ్ళ వచ్చినవా పెద్దాయనా? సూది బంద్ అయిందా?"

"కాలేదు."

"ఆ పద్దు ఎప్పుడో కొట్టేసినం. ఇంటికి పో."

నా బదులు ఇంకోసారి ఇస్తానని అల్లుడు రెండుసార్లు అన్నాడు. వద్దన్నాను. కాగితం మీద ఆ మొదటి పేరు నాది. తీసుకున్నవి ఆరు, ఇచ్చినవి ఐదు. ఇంకా ఇవ్వాల్సింది ఒకటి.